సాయంత్రం ఆరైతే తాండూరులో ఏం జరుగుతుంది? ఊరుకాని ఊళ్లో బతుకు, బండల లారీలు, ఒకే ఒక్క రోడ్డు

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రెండు విషయాలు కలిపి మాట్లాడుకుందాం. ఒకటి ట్రాఫిక్. రెండోది, సొంతూరు వదిలి వేరే చోటికొచ్చి బతికే వాళ్ల సాయంత్రాలు. ఈ రెండింటికీ సంబంధం ఏంటి అనిపిస్తోంది కదా? ఉంది. చివరిదాకా చూస్తే మీకే అర్థమవుతుంది.

పొద్దంతా పని. రాత్రి నిద్ర. మధ్యలో మనిషికి తనకంటూ మిగిలేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఉండే మూడు గంటలు. దోస్తులను కలవాలన్నా, చాయ్ తాగాలన్నా, బజారుకు పోవాలన్నా అప్పుడే. సరిగ్గా అదే టైముకి రోడ్డు మీదికి లారీలు, బస్సులు, ఆటోలు, బైకులు అన్నీ వస్తాయి. సొంతూరు వాళ్లకైతే ఇబ్బంది లేదు, ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నా సాయంత్రం గడిచిపోతుంది. బయటినుంచి వచ్చినోళ్లకి ఆ అరుగు లేదు. వాళ్లు రోడ్డు దాటి పోతేనే ఇంకో మనిషి కనిపిస్తాడు. అందుకే రోడ్డు బాగుందా లేదా అన్నది వాళ్లకి స్నేహాలకు సంబంధించిన ప్రశ్న కూడా.

ముందు ఒక మాట గురించి

దుబాయ్‌లోనో, ఈజిప్ట్ రాజధాని కైరోలోనో ఉండే ఇంగ్లిష్ వాళ్లను ఏమంటారు? ఎక్స్‌పాట్స్ అంటారు. అమెరికాలో ఉండే మన సాఫ్ట్‌వేర్ అన్నని ఎన్నారై అంటాం. మరి ఒడిశా నుంచి వచ్చి తాండూరు పాలిషింగ్ యూనిట్‌లో బండలు కోసే పిల్లగాడిని? వలస కూలీ అంటాం. ముగ్గురూ చేసిన పని ఒక్కటే, ఊరు వదిలి బతుకుదెరువుకి వచ్చారు. జీతాన్ని బట్టి పేరు మారింది, అంతే.

కైరోలో మాదీ అని ఒక ఏరియా ఉంది. విదేశీయులు ఎక్కువగా ఉండే చోటు. చెట్లు, క్లబ్బులు, కాఫీ షాపులు. అది ఎలా పుట్టిందో తెలుసా? 1900ల మొదట్లో కైరో నుంచి హెల్వాన్ పోయే రైలు పట్టాల పక్కన ఒక కంపెనీ భూమి కొని ప్లాట్లు వేసింది. అంటే రైలు ముందు వచ్చింది, దాని వెనక బయటి జనం వచ్చారు.

మన దగ్గరా అదే కథ. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా రైలు మార్గం 1874లో మొదలైంది. నిజాం కాలం నాటి లైను. వికారాబాద్, తాండూరు రెండూ ఆ పట్టాల మీదే ఉన్నాయి. వికారాబాద్ పేరే చూడండి, పాయిగా వంశపు నవాబు, హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా పనిచేసిన వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వచ్చింది. ఆ తర్వాత ఇక్కడికి అమెరికా నుంచి మెథడిస్ట్ మిషనరీలు వచ్చారు. బడులు, ఆస్పత్రి పెట్టారు. ధారూర్‌లో ప్రతి నవంబర్‌లో జరిగే మెథడిస్ట్ జాతర వాళ్ల కాలం నుంచి వస్తున్నదే. బాజాప్తా ఎక్స్‌పాట్స్ అంటే ఈ ప్రాంతానికి వాళ్లే మొదటి వాళ్లలో ఉంటారు. వాళ్ల సాయంత్రాలు చర్చి కాంపౌండ్‌లో గడిచేవి. ఇప్పటి వాళ్లకి ఆ కాంపౌండ్ లేదు.

ఇన్ని లారీలు ఎక్కడివి?

తాండూరు గురించి తెలియని వాళ్ల కోసం చిన్న బ్యాక్‌గ్రౌండ్. ఇది వికారాబాద్ జిల్లాలో, కర్ణాటక బార్డర్ పక్కన ఉంటుంది. జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది, అంతకుముందు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఊరి పక్కనే కాగ్నా నది. భూమి కింద సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది, పుస్తకంలో పేజీల్లాగా. ఆ పొరలను విడదీస్తే నున్నటి బండలు వస్తాయి. మనం నాపరాళ్లు అంటాం, పక్క రాష్ట్రం వైపు షాబాద్ బండలు అంటారు. నీలం రంగువి, పసుపు రంగువి దేశమంతా పోతాయి. మీ ఇంట్లోనో, మీ బడిలోనో కాళ్ల కింద ఇవే ఉండొచ్చు.

అదే సున్నపురాయి సిమెంట్‌కి కూడా ముడిసరుకు. అందుకే ఈ చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. కరన్‌కోట్‌లో ఉన్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాది. వీటికి తోడు కందులు. తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది. చలికాలం చివరికొచ్చేసరికి కందుల బండ్లు కూడా మార్కెట్‌యార్డుకి క్యూ కడతాయి.

ఇప్పుడు బరువు లెక్క చూడండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న బండ దాదాపు 25 కిలోలు తూగుతుంది. అలాంటివి వెయ్యి ఎక్కిస్తే 25 టన్నులు. వెయ్యి బండలంటే ఎంత? నాలుగు వేల చదరపు అడుగులు. అంటే రెండు మూడు ఇళ్ల ఫ్లోరింగ్‌కే ఒక లారీ నిండిపోతుంది. బియ్యమో బట్టలో అయితే తక్కువ ట్రిప్పులతో పని అయిపోతుంది. రాయి అలా కాదు, ఎక్కడికి పంపినా లారీల లెక్కనే పంపాలి. రాతి ఊరికి లారీల ట్రాఫిక్ పుట్టుకతో వచ్చిన గుణం.

ఆరింటికే ఎందుకు జామ్?

దీనికి నాలుగు కారణాలు.

ఒకటి, యూనిట్లలో షిఫ్ట్ దిగేది, బడులు, ట్యూషన్లు వదిలేది, జనం బజారుకి వచ్చేది అన్నీ ఒకే గంటలో. రెండు, పొద్దంతా లోడ్ ఎక్కించుకున్న లారీలు చల్లబడ్డాక బయలుదేరతాయి, రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి దూరం పోవచ్చని. మూడు, పట్టాలు ఊరిని రెండు ముక్కలు చేశాయి. అవతల పాత తాండూరు, ఇవతల కొత్త ఊరు. దాటే దారులు వేళ్ల మీద లెక్కపెట్టినన్నే. నాలుగు, ఇందిరా చౌక్, విలియంమూన్ చౌరస్తా లాంటి చోట్ల లారీ, ఆటో, తోపుడు బండి, నడిచే మనిషి అందరిదీ ఒకటే రోడ్డు.

వీటిలో రెండోదాన్ని కొంచెం వివరంగా చెప్తా. 25 టన్నుల లోడ్ ఉన్న లారీ ఆగిందనుకోండి, మళ్లీ స్పీడ్ అందుకోవడానికి చాలా టైమ్ పడుతుంది. సిగ్నల్ పడ్డాక మీ బైక్ రెండు సెకన్లలో పోతుంది. లారీ కదిలేసరికే అంత టైమ్ అవుతుంది. క్యూలో ముందు ఒక్క లోడ్ లారీ ఉంటే దాని వెనకున్న ఇరవై బండ్లూ లారీ స్పీడ్‌తోనే నడవాలి. అందుకే బండ్ల సంఖ్య ఎక్కువ లేకపోయినా జామ్ అవుతుంది. బైపాస్ కావాలి అనే మాట తాండూరులో ఇవాళ్టిది కాదు. దానివల్ల లాభం ఇదే, ఈ నిదానం బండ్లను ఊళ్లోంచి విడదీయడం.

ఇంకో సంగతి, దుమ్ము. చలికాలం సాయంత్రాల్లో దుమ్ము ఎక్కువ కనిపిస్తుంది, గమనించారా? పగలు ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దుమ్మును కూడా పైకి తీసుకుపోతుంది. పొద్దు గూకాక నేల తొందరగా చల్లబడుతుంది. నేలకి దగ్గరున్న గాలి చల్లగా, బరువుగా అయి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చని గాలి మూతలాగా కూర్చుంటుంది. దాంతో లారీ లేపిన దుమ్ము మన ముక్కు ఎత్తులోనే తిరుగుతుంటుంది. అంటే మనిషి బయటికి వచ్చే టైమ్, గాలి పాడయ్యే టైమ్ ఒకటే.

మరి బయటినుంచి వచ్చినోళ్లు ఎక్కడ కలుస్తారు?

పాలిషింగ్ యూనిట్లు, గనులు ఎక్కువగా ఊరి బయట ఉంటాయి. అక్కడ పనిచేసే వాళ్లలో చాలామంది ఉత్తరాది రాష్ట్రాల నుంచి, ఒడిశా నుంచి, పక్కనే ఉన్న కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. కొందరికి యూనిట్ పక్కనే రూమ్. కొందరు నలుగురు కలిసి కిరాయికి ఉంటారు. పని అయ్యాక స్నానం చేసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టి, అమ్మకి వీడియో కాల్. ఆ తర్వాత ఏంటి? ఊళ్లోకి పోవాలంటే లారీలు పోయే రోడ్డు అంచున నడుచుకుంటూ పోవాలి. ఫుట్‌పాత్ లేదు, చాలా చోట్ల లైటు లేదు. దాంతో "రేపు పోదాంలే" అనుకుంటారు. అట్లా ఏడాది ఉన్నా ఊళ్లో ఒక్క దోస్తు కూడా ఉండడు.

ఇక్కడ తాండూరుకి ఒక మంచి గుణం ఉంది, అది భాష. ఈ ఊళ్లో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ బజార్లో వినిపిస్తాయి. మన దక్కనీ మాట వినగానే హిందీ తెలిసిన పిల్లగాడికి సగం ధైర్యం వస్తుంది. "క్యా హోనా భాయ్?" అని కిరాణా షాపతను అడిగితే, బిహార్ యాస వేరే అయినా పని నడిచిపోతుంది. చెన్నైలోనో, తిరుపతిలోనో కొత్తగా దిగిన ఉత్తరాది మనిషికి ఇంత తేలిక కాదు. అంటే భాష అడ్డు రాదు, రోడ్డే అడ్డు వస్తోంది.

రేషన్ గురించి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు కాబట్టి. వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్ కింద సొంత రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో కూడా బియ్యం తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఈ ప్రయోగం మొదలైన మొదటి జంటల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. మీ పక్క రూమ్ వాళ్లకి తెలియకపోతే చెప్పండి. స్నేహం ఇలాంటి మాటతో కూడా మొదలవుతుంది.

వికారాబాద్ సాయంత్రం వేరే లెక్క

వికారాబాద్‌లో లారీ కంటే రైలు గడియారం ముఖ్యం. ఇక్కడ పొద్దున రైలెక్కి లింగంపల్లి దిగి, అక్కడినుంచి ఐటీ వైపు పోయే వాళ్లు ఉన్నారు. సాయంత్రం ఆ రైళ్లు వచ్చినప్పుడు స్టేషన్ నుంచి ఒక్కసారి జనం దిగుతారు, పది నిమిషాలు ఆటోల గోల, ఆ తర్వాత సైలెంట్. గుంటూరు నుంచి వచ్చే పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి ఆఖరి స్టేషన్ కూడా వికారాబాదే. బీదర్, పర్లి వైపు లైను విడిపోయే జంక్షన్ కూడా ఇదే. అందుకే ఇక్కడ జామ్ తరంగంలా వచ్చి పోతుంది.

మారేది ఆదివారం మాత్రమే. అనంతగిరి గుట్టలు, అనంతపద్మనాభ స్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, కోటపల్లి ప్రాజెక్టులో కయాకింగ్. హైదరాబాద్ నుంచి కార్లు, బైకులు పొద్దున విడివిడిగా వస్తాయి. తిరిగి పోయేటప్పుడు మాత్రం అందరూ ఒకేసారి బయలుదేరతారు, చీకటి పడుతుందని. అందుకే ఆదివారం సాయంత్రం రోడ్డు నిండిపోతుంది. ఈ రద్దీలో ఇంకో గుంపు కూడా ఉంటుంది. హైదరాబాద్ హాస్టళ్లలో చదివే, అక్కడ ఉద్యోగం చేసే మన వికారాబాద్, తాండూరు పిల్లలు. వీకెండ్‌కి ఇంటికొచ్చి ఆదివారం సాయంత్రమో, సోమవారం పొద్దున్నో తిరిగి పోయేవాళ్లు. హైదరాబాద్‌లో వాళ్లే బయటోళ్లు. అమ్మ కట్టిచ్చిన పచ్చడి డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చునేవాళ్లు.

ఆ ఒకే ఒక్క రోడ్డు

ఈ మాట చెప్పకుండా ఈ ఎపిసోడ్ పూర్తి కాదు. 2025 నవంబర్ 3, సోమవారం పొద్దున. తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సుని చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర బస్సులోని జనం మీద పడింది. కనీసం 19 మంది చనిపోయారు. వాళ్లలో చదువుకునే పిల్లలు ఉన్నారు. సెలవులకి ఇంటికొచ్చి తిరిగి పోతున్న వాళ్లు.

అది జాతీయ రహదారి 163. జనం బీజాపూర్ రోడ్డు అంటారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు నాలుగు లైన్లు చేయాలన్న ప్లాన్ ఏళ్ల తరబడి ఆగింది. భూమి సేకరణ ఒక కారణం, దారి పొడవునా ఉన్న దాదాపు 900 పాత మర్రిచెట్లు ఇంకో కారణం. కేసు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. కొందరు చెట్లదే తప్పు అన్నట్టు మాట్లాడతారు. కానీ చెట్టు కదలదు, అది ఎక్కడుందో అందరికీ తెలుసు. వంద ఏళ్ల చెట్టుని కాపాడి, పక్కనుంచి ఇంకో రెండు లైన్లు వేయడం చేతకాని పని కాదు. చెట్టా, మనిషా అని ప్రశ్న పెట్టి ఏళ్లు గడపడమే అసలు నష్టం.

రెండు లైన్ల రోడ్డు ఎందుకు ప్రమాదమో ఒక లెక్కతో చెప్తా, బైక్ నడిపే ప్రతి ఒక్కరూ వినండి. ముందు లారీ 40 స్పీడ్‌లో పోతోంది. మీరు 60 స్పీడ్‌లో ఓవర్‌టేక్ చేస్తున్నారు. తేడా గంటకి 20 కిలోమీటర్లు, అంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. లారీ వెనక గ్యాప్, లారీ పొడవు, ముందు గ్యాప్ కలిపి సుమారు 40 మీటర్లు దాటాలి. దానికి ఏడు సెకన్లు పడుతుంది. ఏడు సెకన్లలో మీరు దాదాపు 120 మీటర్లు పోతారు. ఎదురుగా 60లో వచ్చే బండి కూడా 120 మీటర్లు వస్తుంది. మొత్తం 240 మీటర్లు. అంటే ఎదురుగా పావు కిలోమీటర్ ఖాళీ కనిపిస్తేనే ఓవర్‌టేక్ చేయాలి. రాత్రి డిమ్ లైటులో మీకు కనిపించేది యాభై మీటర్లు, అటూ ఇటూగా. మిగతా 190 మీటర్లు మీరు దేవుడి మీద భారం వేసి పోతున్నట్టే.

ఏం చేయొచ్చు?

కైరోలో రంజాన్ నెలలో ఒక వింత జరుగుతుంది. ఇఫ్తార్‌కి ముందు గంట సిటీ అంతా ఉక్కిరిబిక్కిరి. అజాన్ కాగానే రోడ్లు ఖాళీ. రోడ్డు అదే, బండ్లు అవే, టైమ్ మారింది అంతే. దీన్నుంచి తెలిసేది ఏంటంటే, అందరూ ఒకే గంటలో బయటికి రాకుండా చూడగలిగితే కొత్త రోడ్డు లేకపోయినా సగం పని అవుతుంది. ఆ సిటీలో 1987లో మెట్రో మొదలైంది, ఆఫ్రికా ఖండంలోనే మొదటిది. మాదీ వాళ్లు ఆ రైలెక్కి సాయంత్రం ఊళ్లోకి పోయి వస్తారు. మనకి 1874 నుంచి పట్టాలు ఉన్నాయి. సాయంత్రం తాండూరు దాకా లోకల్ రైళ్లు పెరిగితే బీజాపూర్ రోడ్డు మీద అంత మంది ప్రాణాలకి రిస్క్ తగ్గుతుంది.

తాండూరులో అయితే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా లోడ్ లారీలను ఊరి బయటే ఆపడం, యూనిట్ల నుంచి బజారు దాకా వీధి లైట్లు, నడిచే దారి. ఇవి వేల కోట్ల పనులు కావు.

మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. చీకట్లో రోడ్డు అంచున నడిచేటప్పుడు బండ్లకి ఎదురుగా నడవండి, లేత రంగు బట్టలు వేసుకోండి, ఫోన్ టార్చ్ కిందికి చూపిస్తూ ఆన్ చేయండి. యాక్సిడెంట్ చూస్తే 108కో, 112కో ఫోన్ చేయండి. భయపడకండి, సాయం చేసిన మనిషికి మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మీ పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతం చేయకూడదు. గుద్ది పారిపోయిన కేసుల్లో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు పరిహారం ఉంది, 2022 ఏప్రిల్ నుంచి. ఒడిశాలో, బిహార్‌లో ఉన్న కుటుంబానికి ఈ సంగతి ఎవరు చెప్తారు? పక్కన పనిచేసేవాళ్లే చెప్పాలి.

ముందుముందు ఇంకా వస్తారు

పూడూరు మండలం దామగుండంలో నేవీ రాడార్ స్టేషన్‌కి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. సుమారు 2,900 ఎకరాల అడవి భూమి. జనం రాడార్ అంటున్నా, అసలు అది సముద్రంలో ఉన్న సబ్‌మెరైన్లతో మాట్లాడే వీఎల్ఎఫ్ కేంద్రం. అడవి పోతుందని, మూసీకి నష్టమని వ్యతిరేకించిన వాళ్లూ ఉన్నారు, ఆ చర్చ వేరే ఎపిసోడ్‌లో చేద్దాం. కానీ అది పూర్తయితే దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చి ఇక్కడ ఉంటాయి. వాళ్లకి కాంపౌండ్ ఉంటుంది, లోపల పార్కు ఉంటుంది. యూనిట్ పక్క రూమ్‌లో ఉండే పిల్లగాడికి మాత్రం బజారే పార్కు, చాయ్ బండే క్లబ్బు. అక్కడిదాకా అతను క్షేమంగా నడిచిపోయి, నవ్వుకుంటూ తిరిగొచ్చే రోడ్డు ఉంటే, ఊరికి ఒక కూలీ బదులు ఒక మనిషి దొరుకుతాడు.

మీరు సొంతూరు వదిలి ఎక్కడుంటున్నారు? మీ సాయంత్రం ఎక్కడ గడుస్తుంది, అక్కడికి పోయే దారి ఎలా ఉంటుంది? కింద రాయండి, మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం. రాత్రి బండి మీద పోతుంటే మాత్రం ఆ పావు కిలోమీటర్ లెక్క గుర్తుపెట్టుకోండి. ఉంటా మరి, నమస్తే.